పంకా బ్యాండు

ఓబులేసు పోయాడని ఖాజా ఫోన్లో చెప్పినప్పుడు నేను కర్నూలులో ఇంటి ముందు మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. "రాత్రి బాగానే తిన్న్యాడంట. తెల్లారి లేపితే లేయల్యా," అన్నాడు ఖాజా. పైపు నా చేతిలోంచి జారి, నీళ్ళన్నీ వీధిలోకి పారాయి. మట్టి ఇచ్చే రోజుకు వెళ్ళలేకపోయాను. వెళ్ళలేకపోయాను అని రాయడం చేతికి అలవాటైపోయింది. వెళ్ళలేదు అని రాయాలి. బడికి సెలవు పెట్టుకోవచ్చు, మైదుకూరు మీదుగా పోయే బస్సులు కావలసినన్ని ఉన్నాయి. దినాలు కూడా అయిపోయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, నన్ను చూసేవాళ్ళు తక్కువగా ఉంటారని లెక్క వేసుకుని అప్పుడు బస్సెక్కాను. అతని పెళ్ళికీ ఇలాగే వెళ్ళలేదు. ఎప్పుడైనా బస్టాండులో ఎదురైతే "ఫోన్ చేస్తాలే" అనేవాణ్ణి. అతను "చెయ్ చెయ్ చిన్నశెట్టీ, నాకేమన్నా బిల్లు పడతాదా" అని నవ్వేవాడు.

మాది మైదుకూరులో ఎరువులు, విత్తనాల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మధ్యలో ఒక గోనెపట్టా తెర. ఆ తెర వాసనను ఆపేది కాదు. మా ఇంట్లో దుప్పట్లూ, పుస్తకాలూ, దేవుడి గూట్లో పూలూ కూడా పురుగుమందు వాసన వేసేవి. అమ్మ నాయన చొక్కాలను వేరే బకెట్లో నానబెట్టేది. నాయన మధ్యాహ్నం భోజనానికి వచ్చేముందు పెరట్లో నిలబడి చేతులకు సీకాయ పొడి రుద్ది కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కునేవాడు. అయినా ఆయన కలిపి నా చేతిలో పెట్టే పప్పన్నం ముద్దలో నెయ్యి వాసన వెనకాల ఆ రెండో వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పొలాల మీదుగా వెళ్తుంటే, మందు కొట్టిన చేను పక్కన, నాకు నాయన పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. పొద్దున్నే తలుపు తీసి, గడప మీద నీళ్ళు చల్లి, తక్కెడకు దండం పెట్టి, ఊదొత్తి గుచ్చి, మొదటి బేరం అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తర్వాత వచ్చే రైతులందరికీ అమ్మ చేత మజ్జిగ పంపించేవాడు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఊళ్ళో ఆయనకున్న మర్యాద అంతా ఆ మెత్తని గొంతులో ఉందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మర్యాద నీడలోనే నేను తిన్నాను, చదివాను, గిటారు కొనుక్కున్నాను.

అప్పట్లో బస్టాండు వెనక యువజన సంఘం ఉండేది. అందరం యూత్ క్లబ్బు అనేవాళ్ళం. ఒక గది, దాని ముందు నాపరాళ్ళు పరిచిన ఆవరణ. లోపల క్యారంబోర్డు, ఒక బల్ల మీద దినపత్రిక, పైన ఒకే ఒక పంకా. ఫ్యాను అనడం మాకు కాలేజీలో చేరాక వచ్చింది; మా ఊళ్ళో సాయిబులూ, మేమూ, అందరమూ పంకా అనేవాళ్ళం. ఆ పంకాను మా నాయనే ఇప్పించాడు. ఒక రెక్క మీద 'దాత' అనీ, రెండో రెక్క మీద 'సుబ్బరామయ్య శెట్టి' అనీ, మూడో రెక్క మీద 'మైదుకూరు' అనీ ఎర్ర పెయింటుతో రాయించారు. తిరుగుతున్నప్పుడు ఆ అక్షరాలన్నీ కలిసిపోయి ఒక ఎర్ర చక్రంలా కనబడేది. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోవడం, పంకా నెమ్మదించడం, మా నాయన పేరు మెల్లగా బయటపడటం రోజూ ఉండేదే. అప్పటిదాకా సిగరెట్టు దాచుకుని తాగుతున్నవాళ్ళు కూడా ఎందుకో సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఓబులేసే మొదట అన్నాడు: "తిరిగితే గాలొస్తాది, నిలబడితే మీ నాయనొస్తాడు." ఆ రోజు నుంచి క్లబ్బులో కరెంటు పోతే ఎవరో ఒకరు "శెట్టొచ్చినాడ్రోయ్" అని అరవడం మొదలైంది.

ఓబులేసుది మైదుకూరుకు దగ్గర్లోనే ఒక పల్లె. డిగ్రీ చదవడానికి రోజూ వచ్చిపోయేవాడు. గొంతు చాలా పెద్దది. అవతలి గట్టు మీద ఉన్నవాణ్ణి పిలవడానికి పనికొచ్చే గొంతు. ఖాజా వాళ్ళది పెళ్ళిళ్ళ బ్యాండు. పీర్ల పండగకు వాళ్ళింట్లో అందరూ తాషా వాయించేవాళ్ళు. మెడలో వేసుకుని రెండు పుల్లలతో కొట్టే ఆ చిన్న వాయిద్యం ఖాజా చేతిలో వడగళ్ళలా పలికేది. నేను చర్చిలో వాయించే ఒకన్న దగ్గర గిటారు మీద మూడు కార్డ్‌లు, అంటే మూడు వేళ్ళ పట్లు, నేర్చుకున్నాను. నాలుగోది రాలేదు. బెంగుళూరులో మెకానిక్కుగా ఉన్న ఖాజా వాళ్ళ మామ కొడుకు ఒకసారి వస్తూ ఒక సీడీ తెచ్చాడు. అందులో ఇంగ్లీషువాళ్ళెవరో గొంతు చించుకుంటున్నారు. "దీన్ని పంక్ అంటారు. మూడు కార్డ్‌లు చాలు. సంగీతం రాకపోయినా పర్వాలేదు, కోపం వస్తే చాలు," అన్నాడు. ఖాజా సీడీ మొత్తం విని, "మా తాతకు చూపిస్తే ఇది పీర్ల పండగ దెబ్బే అంటాడు, కాకపోతే వీండ్లకు నిదానం తక్కువ," అన్నాడు. ఓబులేసు మాత్రం కోపం చాలు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

మేం బ్యాండు పెట్టామంటే క్లబ్బు అధ్యక్షుడు సుబ్బన్న పేరేమిటని అడిగాడు. పేరింకా పెట్టలేదు, పంక్ బ్యాండు అన్నాం. ఆయన నల్లబల్ల మీద శుభ్రంగా 'పంకా బ్యాండు' అని రాశాడు. కాదన్నా, పంక్ అంటే, "అదే గదప్పా, పంకా కింద కూసోని వాయిస్తాండారు గదా," అన్నాడు. మా తెలుగు అయ్యవారికి తెలిసి, "పంకమంటే బురద నాయనా. తామర పుడితే మంచిదే, చూద్దాం," అన్నారు. అప్పటి నుంచి మేం ఊళ్ళో పంకా బ్యాండు. మా కోపానికి అంత చల్లని పేరు పడిందని ఓబులేసు పడీపడీ నవ్వేవాడు.

ఆ ఏడు వానలు మరీ చెడిపోలేదు. ఓబులేసు వాళ్ళ నాయన పుల్లన్న మా అంగట్లో కొన్న వేరుశనగ విత్తనం వేశాడు. చేను పచ్చగా లేచింది. పువ్వు పూసింది, ఊడలు మట్టిలోకి దిగాయి. చెట్లు పెరికే రోజు ఓబులేసు కాలేజీకి రాలేదు. మర్నాడు ఒక చెట్టు పెరికి తెచ్చి క్యారంబోర్డు మీద పెట్టాడు. ఆకు నిగనిగలాడుతోంది. కింద వేర్లూ, మట్టీ తప్ప ఒక్క కాయ లేదు. "మీ నాయన దగ్గరికి మా నాయన పోయినాడు," అన్నాడు. "మజ్జిగ ఇచ్చినాడంట. ఇచ్చి, నేలలో దోసముండాది పుల్లన్నా అన్న్యాడంట." అంతకు ముందు వారం నాయన కంపెనీ ఏజెంటుతో, గోనెపట్టా తెర అవతల, "ఇట్టాంటి సరుకు నా చేతికిస్తివే" అని అదే మెత్తని గొంతుతో అనడం నేను విన్నాను. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. అది నేను ఓబులేసుకు చెప్పలేదు.

పాట ఆ చెట్టులోంచే పుట్టింది. ఓబులేసు దాన్ని చేత్తో పట్టుకుని ఊపుతూ కట్టాడు.

ఆకు పచ్చగుండాది, కాయేది?
పువ్వు పసుపుగుండాది, కాయేది?
పెరికి సూస్తే ఏరుండాది, ఏరుకింద మన్నుండాది,
కాయేది శెట్టీ, కాయేది?

'కాయేది' అన్నచోటల్లా ముగ్గురం అరవాలి. ఇంకా రెండు చరణాలు ఉండేవి. రోజూ సాయంత్రం క్లబ్బులో ఆ పాట సాధన చేసేవాళ్ళం. నా మూడు కార్డ్‌లు దానికి సరిగ్గా సరిపోయాయి. 'శెట్టీ' అన్న మాట దగ్గర మొదటిరోజు నా చెయ్యి ఆగింది. ఓబులేసు పాట ఆపి, "ఏమప్పా చిన్నశెట్టీ, నొచ్చుకుంటివా? మార్చేద్దునా?" అన్నాడు. వద్దన్నాను. నిజంగానే వద్దనుకున్నాను. ఆ వయసులో నాయనకు ఎదురు నిలవడం నాకు గొప్పగా తోచింది, ఎదురుగా నాయన లేడు కాబట్టి.

క్యారం పోటీల బహుమతుల రోజు మాకు పాడమని చెప్పారు. ఆదివారం పూట, ఎండ ఎక్కకముందే. బహుమతులిచ్చేది మా నాయనే. ఆ సంగతి తెలిశాక ఓబులేసు నన్ను బయటికి తీసుకుపోయి సోడా ఇప్పించాడు. "మా నాయనను పిలుస్తాండా. పాట ఇనాల. మీ నాయన గూడా ఇనాల. అరిసి కొట్లాడేది నాకు చేతగాదు, కోర్టుకు పోయేది మా నాయనకు చేతగాదు. ఈ పాటొకటే ఉండాది మాకాడ. మీ నాయనొచ్చి ముందర కూసున్న్యా గూడా వాయిస్తావా?" అన్నాడు. వాయిస్తానన్నాను. "ఒట్టా?" అన్నాడు. ఒట్టు అన్నాను. అతను నా సోడా కూడా తీసుకుని తాగేసి, "ఇంగ నీకేం పనిలే దీంతో, ధైర్యం వచ్చేసినాది గదా," అన్నాడు.

ఆవరణలో షామియానా వేసి జనాన్ని అక్కడ కూర్చోబెట్టారు. మేం ముగ్గురం గది లోపల, తలుపులు రెండూ బార్లా తెరిచి, గడప దగ్గర నిలబడ్డాం. పంకా మా నెత్తిన తిరుగుతోంది. బయటివాళ్ళకు అది కనబడదు. అద్దెకు తెచ్చిన ఆంప్లిఫయరు నా పక్కనే ఉంది. మైకూ, గిటారూ రెండూ దానికే. దాని వైరుకు ప్లగ్గు లేదు. రెండు తీగల కొసలు సాకెట్లో పెట్టి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దోపాం. మొదటి రెండు పాటలకు జనం బాగానే నవ్వారు. "ఒరే, ఈయప్పకు పంటి నొప్పేమో సూడండిరా," అని ఎవరో అన్నారు. వెనకవైపు తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని పుల్లన్న కూర్చున్నాడు. కొడుకు అరుస్తున్న కొద్దీ ఆయన మొహం వెలుగుతోంది. మూడో పాట మొదలుపెట్టబోతుండగా స్కూటరు ఆగిన చప్పుడైంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కుంకుమ బొట్టు. నాయన అందరికీ దండాలు పెడుతూ వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నా గిటారు చూసి పక్కాయనతో ఏదో చెప్పాడు, మావాడే అని కాబోలు.

ఖాజా పుల్లలు పడ్డాయి. నేనూ మొదలుపెట్టాను. ఆకు పచ్చగుండాది, కాయేది? జనంలో చిన్నగా కదలిక. రైతులు కొందరు తలెత్తారు. పువ్వు పసుపుగుండాది, కాయేది? రెండోసారి కాయేది అన్నప్పుడు వెనకనుంచి ఎవరో గొంతు కలిపారు. నాయన మొహంలో నవ్వు అలాగే ఉంది, ఆయనకింకా తెలియలేదు. పెరికి సూస్తే ఏరుండాది. ఏరుకింద మన్నుండాది. తర్వాతి మాట నాకు తెలుసు. నా కాలి బొటనవేలు వైరు కిందికి పోయింది. ఆలోచించి చేశానా అంటే చెప్పలేను. పొరపాటున జరిగిందా అంటే మాత్రం కాదని చెప్పగలను. లాగాను.

గిటారు చచ్చిపోయింది. మైకు చచ్చిపోయింది. ఖాజా తల వంచుకుని ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగాడు. ఓబులేసు మైకును అరచేత్తో తట్టాడు. తలెత్తి పైకి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను గిటారు తీగలు బిగిస్తున్నట్టు వంగాను. ఒక్క క్షణం తర్వాత అతని అసలు గొంతు, మైకు లేకుండానే ఆవరణంతా వినబడింది. "కరెంటు పోయినాదప్పా!"

జనం అలవాటుగా కరెంటును తిట్టారు. "పంకా బ్యాండుకు కరెంటే పాయెనే," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. సుబ్బన్న, సరే పెద్దాయన వచ్చినారు, బహుమతులు కానిద్దాం అన్నాడు. కాసేపటికి కరెంటు వచ్చిందని నేనే చెప్పి, నా చేత్తోనే తీగలు మళ్ళీ దోపి, సుబ్బన్నకు మైకు ఇచ్చాను. అంతా అయ్యాక పుల్లన్న కొడుకు దగ్గరికి వచ్చి, "ఏం పాడినావ్ రా? యాదో కాయ కాయ అన్న్యట్టు ఇనపడె," అన్నాడు. ఓబులేసు, "ఇంగోసారి పాడతాలే నాయనా," అన్నాడు. పుల్లన్న అక్కణ్ణుంచి మా నాయన ముందుకు పోయి చేతులు జోడించాడు. "బాగుండావా శెట్టీ?" నాయన ఆయన చేతులు పట్టుకున్నాడు. "బాగుండా పుల్లన్నా. ఈ తూరి మంచి ఇత్తనం తెప్పిస్తాండా, నీకే ముందిస్తా." ఇంటికి పోతూ స్కూటరు మీద నాయన, "బాగా వాయించినావురా. కరెంటే మోసం చేసింది," అన్నాడు. అవును నాయనా అన్నాను.

ఇంకోసారి పాడలేదు. పరీక్షలొచ్చాయి, తర్వాత నేను చదువుకని కర్నూలు వచ్చాను. ఓబులేసు బోరు లారీల మీద పనికి పోయాడు. పుల్లన్న మరో రెండేళ్ళు సేద్యం చేసి మానుకుని, మానుకున్న దిగులుతోనే పోయాడు. నన్ను నేను సమాధానపరచుకోవడానికి ఇన్నేళ్ళూ ఒక మాట దాచుకున్నాను. అంత గొంతు ఉన్నవాడు మైకు లేకుండా పాడలేడా? వాడూ భయపడ్డాడు. మా నాయనను చూసి వాడి గొంతూ ఆగింది. ఇద్దరం సమానమే. ఈ మాట నాకు నిద్ర పట్టించేది. పెళ్ళికి పోకపోయినా, ఫోను చేయకపోయినా, ఈ మాట నా దగ్గర ఉండేది.

బస్సు దిగి ఓబులేసు ఇంటికి పోతే, ఎప్పుడో బస్టాండులో చూసిన అతని భార్య లక్ష్మీదేవి నన్ను గుర్తుపట్టింది. "రాన్నా, కూసో. ఎండన పడి వచ్చినావు," అని కుర్చీ వేసింది. పంకా కింద కూర్చున్నాను. గోడకు ఓబులేసు ఫోటో, దండ ఇంకా వాడలేదు. నీళ్ళిచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక లారీ సంగతీ, బోర్ల సంగతీ అడుగుతున్నాను. ఇంతలో కరెంటు పోయింది. ఆమె తలెత్తి పంకా వైపు చూసి, అది పూర్తిగా నిలబడేదాకా ఆగి, "శెట్టొచ్చినాడు," అంది. అని, నాలుక కరుచుకుంది. "తప్పుగా అనుకోవాకన్నా. మీ నాయన్ని అన్ల్యా. మా ఇంట్లో అట్ల వాడికె అయిపోయినాది, ఆయప్ప నేర్పించి పాయె."

నాకు తెలుసునమ్మా, క్లబ్బులో అనేవాళ్ళం అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఒకతూరి పాట పాడతాంటే కరెంటు పోయినాదన్న్యారంట గదా. ఆయప్ప పైకి సూస్తే పంకా తిరుగుతానే ఉండాదంట. శెట్టి రాల్యా. రాకపోతే కరెంటు యాడ పోయినాది అని ఎన్నితూర్లు చెప్పేటోడో. ఎవురు పీకినారు అంటే చెప్పేటోడు గాదు. ఎవుందో కాలు తగిలింటాది లే అనేటోడు."

"మరి మైకు లేకుండా పాడొచ్చు కదా?" అన్నాను. ఇన్నేళ్ళు దాచుకున్న మాట అది. నా నోట్లోంచి అలా వచ్చింది.

"నేనూ అదే అడిగితి. 'పాడదామనే నోరు తెరిస్తినే, వాని మొగం సూసినాక నాకు రాల్యా' అన్న్యాడు. వాడెవడో మాత్రం చెప్పల్యా. నీకేమన్నా తెలుసునా అన్నా?"

ఇంట్లో గాలి లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇప్పుడు మా బడి పిల్లలు చేతిలో ఉన్న ఫోన్లోనే పాట కట్టి, సాయంత్రానికి ఊరంతా వినేలా పంపుతారు. వాళ్ళ పాటను ఆపడానికి ఒక బొటనవేలు సరిపోదు. అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క ఆదివారం. వినాల్సిన ఇద్దరూ ఒకే షామియానా కింద కూర్చున్న ఒక్క పూట. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. పాడినవాడూ లేడు.

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం ఉందేమోనని వెతికాను. అది దొరికినా బాగుండేది. "కాలు తగిలినాదా?" అంది. తగల్లేదమ్మా, పీకినాను అన్నాను. ఆమె తల ఊపింది. కరెంటు వచ్చింది. పంకా ఒక మూలుగు మూలిగి కదిలింది.

"ఆ పాట నేను ఇన్ల్యా అన్నా," అంది. "ఎన్నితూర్లు అడిగినా పాడల్యా. నీకొస్తాదా?"

గొంతు సరిచేసుకున్నాను. కుర్చీ చేతి మీద వేళ్ళతో దెబ్బ వేసుకుంటూ, ఒక హైస్కూలు మాస్టరు ఎలా పాడగలడో అలా పాడాను. ఆకు పచ్చగుండాది, కాయేది? పువ్వు పసుపుగుండాది, కాయేది? ఆమె పెదవులు కదుపుతోంది. పెరికి సూస్తే ఏరుండాది, ఏరుకింద మన్నుండాది. కాయేది శెట్టీ, కాయేది అన్నాను. అన్నాను చివరికి, పుల్లన్నా లేని, నాయనా లేని ఇంట్లో.

తర్వాత రెండో చరణం. నోరు తెరిచాను. రోజూ సాయంత్రం పాడుకున్న చరణం అది, ముగ్గురం గొంతు చించుకున్న చరణం. మొదటి మాట కోసం వెతికాను. వేళ్ళు కుర్చీ మీద ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగిపోయాయి. ఏమీ రాలేదు.

పాట ఆగేసరికి లక్ష్మీదేవి అలవాటు చొప్పున తలెత్తి పైకి చూసింది. పంకా తిరుగుతూనే ఉంది.